మా బంతియాట ప్రయాణము

స్త్రీలు ఇల్లు కదలుటకు మన కుటుంబములలో ఒప్పుకొన్న కారణములు కొన్ని యున్నవి. పెండ్లి, పురుడు, పుష్కరము, పరామర్శ, తీర్థయాత్ర. ఈ యైదింటిలో నేదియు గాక, ఇంటికి గాని వంటికి గాని పనికిరాని యొక వేడుకకై రెండు రాత్రులు నొక పగలును ఇల్లు విడిచి పోయెదమని చెప్పిచూడుడు. వలదని యెవరును బిగ్గఱగా ననరు. "ఎందుకు?" అని మాత్రము ప్రతివారు నడుగుదురు. వలదన్నవారితో వాదింపవచ్చును గాని, ఎందుకన్నవారికి సమాధానము చెప్పుట కష్టము.

2022 సంవత్సరము మార్చి 19 వ తేది శనివారము సాయంకాలము మేము హైదరాబాదునుండి గోవాకు బయలుదేరినది ఫుట్‌బాలు ఆట చూచుటకు. మేమనగా మా వదినగారు, మా చెల్లెలు, వదినగారి కుమార్తె, ఈ వ్యాసము వ్రాయుచున్న మేము, వెరసి నలుగురము. వెంట మగదిక్కు లేదు. టికెట్లు నాలుగే దొరకినవి, వానిని సంపాదించినది మా మేనకోడలు. ఎవరెవరు పోవలయునో నిర్ణయించునధికారమును ఆ పిల్ల తనయొద్దనే యుంచుకొన్నది.

ఈ యాటపిచ్చి మా యింటికి దెచ్చినదియు నా పిల్లయే. 2019 లో మన నగరము పేర హైదరాబాదు ఎఫ్.సి. యను జట్టు ఏర్పడినది. కళాశాలలో చదువుకొనుచున్న మా మేనకోడలు, గచ్చిబౌలి మైదానమునకు ఒంటరిగా పంపరేమోయని మమ్ములను తోడు తీసికొనిపోయెను. తోడుపోయినవారము క్రమముగా ఆటకే పోవువారమైతిమి. ఆ మొదటి యేడు మన జట్టు 18 ఆటలాడి రెండింట మాత్రమే గెలిచి, పట్టికలో కడపటి స్థానమున నిలిచినది. ఓడుచున్న జట్టును చూచుచు నలవాటుపడినవారికి దానిని విడువబుద్ధి పుట్టదు. నీరసముగా నుండు బిడ్డమీదనే తల్లి చూపు ఎక్కువగా నుండును గదా!

అంతలో కరోనా వచ్చినది. 2020 చివరనుండి రెండేండ్లపాటు ఈ పోటీలలోని ఆటలన్నియు గోవాలోనే, ప్రేక్షకులు లేని మైదానములలో జరిగినవి. మన జట్టు పేరు హైదరాబాదే గాని, హైదరాబాదులో నడుగు పెట్టలేదు. మేము దానిని టెలివిజనులోనే చూచితిమి. ఆశ్చర్యమేమన, మా కంటి కెదుట నున్నప్పుడు ఓడినది, కంటికి దూరమైన పిమ్మట గెలువసాగినది. 2021లో అయిదవ స్థానము. మఱుసటి యేడు రెండవ స్థానము. ఉపాంత్యమున మోహన్ బాగాను జట్టుతో రెండాటలాడి, రెండును గలిపి 3–2 గోళ్లతో నెగ్గి, మొదటిసారిగా అంతిమ పోటీకి జేరినది. అంతిమ పోటీకి ప్రేక్షకులను రానిత్తురని ప్రకటన వచ్చినది. అది గోవాలో, మడగాము పట్టణపు ఫతోర్డా మైదానమున, మార్చి 20 వ తేది ఆదివారము రాత్రి 7.30 గంటలకు.

మా అత్తగారికి సంగతి తెలిసినప్పుడు వారు పప్పు ఏరుచుండిరి. "పేరంటమునకు పక్కవీధికి రమ్మన్న నడుము నొప్పి యందువు. బంతి యెటు దొర్లునో చూచుటకు ఆఱువందల కిలోమీటర్లు పోవుదువా?" అనిరి. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. మేము బదులు పలుకకముందే వసారాలోనుండి మా మామగారు, "పోనిండు. మన యూరివారి యాట" అనిరి.

మా మామగారు మితభాషులు. ఆ దినము మాత్రము చాలసేపు మాటలాడిరి. వారి బాల్యమున హైదరాబాదు ఫుట్‌బాలుకు పెట్టినది పేరు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్సు కప్పు గెలిచినది. ఆ జట్టును తీర్చిదిద్దినవాడు సయ్యదు అబ్దుల్ రహీము, మొదట బడిపంతులు. భారత జట్టునకు ఆయన శిక్షకుడుగా నుండగా 1956 లో మెల్బోర్ను ఒలింపిక్సున మనవారు నాలుగవ స్థానమునకు వచ్చిరి. 1962 లో జకార్తా ఏషియా క్రీడలలో దక్షిణ కొరియాను 2–1 తో నోడించి స్వర్ణపతకము తెచ్చిరి. ఏవో రాజకీయపు తగవుల వలన అక్కడి ప్రజలకు మనవారిపై కోపము. ఆట సాగినంతసేపు మైదానమంతయు మనవారిని గేలిచేయుచునే యుండెనట. రహీముగారికి అప్పటికే రాచపుండు. మఱుసటి యేడు జూనులో మరణించిరి. "అంతమంది అఱచుచుండగా తమవారని చెప్పుకొనుటకు నలుగురు గూడ లేకపోయిరి" అని మా మామగారు నిట్టూర్చిరి. "ఇప్పుడు మీరు నలుగురున్నారు. పొండు."

అత్తగారు పప్పు ఏరుట మానలేదు. కాని సాయంకాలమునకు పులిహోరకు చింతపండు నానవేసినది వారే.

ఈ యాటలో నొక యేర్పాటున్నది. ఆట తెలియని సోదరీమణులకు దానిని చెప్పవలసియున్నది. ప్రతి జట్టును సగము ఆటలు తన యూర, సగము ఆటలు పరుల యూర ఆడవలెను. సొంత మైదానమున జనమంతయు తనవారే, నేల యెగుడుదిగుడులు తెలిసినవే, తప్పుచేసినను ఓదార్చుదురు. పరుల మైదానమున నట్లు కాదు. వేలకొలది కన్నులు ఎప్పుడు తడబడునాయని కాచియుండును. బంతి కాలికి దగిలిన నొక యఱపు, తగులకున్న నొక నవ్వు. తనవారు మైదానపు మూల నొకచోట గుప్పెడుమంది యుందురు. అందువలననే ఎచ్చటను పరుల మైదానమున గెలుచుట గొప్పగా నెంతురు.

మేనకోడలు ఈ భేదమును మొదట వివరించినప్పుడు మా వదినగారు నవ్వి, "ఇందులో క్రొత్త యేమున్నది? ఒకటి పుట్టినిల్లు, రెండవది అత్తవారిల్లు. మేము పెండ్లినాటినుండి రెండవదానిలోనే ఆడుచున్నాము" అనెను. మేము ఎన్నో పుస్తకములలో చదివిన స్త్రీ విషయిక చర్చలకంటె ఆ మాటలో సరుకు ఎక్కువయని మా యభిప్రాయము. మన పంట ఉప్పెక్కినదో తక్కువైనదో చూచుటకు ఎందఱు కన్నులు కాచియుండెనో ప్రతి యిల్లాలికిని జ్ఞాపకముండును. అట్టివారికి, దూరపు మైదానమున నాడువారి పక్షమున కేక వేయుట యెట్లో ఎవరును నేర్పనక్కఱలేదు.

బస్సు రాత్రిది. పులిహోర పొట్లములు, చపాతీలు, డబ్బానిండ సకినాలు, ఆవకాయ. ఆటకు పోవుచున్నామో కాశికి పోవుచున్నామో తెలియని మూటలని మేనకోడలు ఎగతాళి చేసెను. మూటలు మోయుట మాత్రము దానికే యప్పగించితిమి. ఇంటిలో పొయ్యి మావారికి నప్పగించి, ఏ డబ్బాలో నేమున్నదో కాగితముమీద వ్రాసి యిచ్చితిమి. ఆ కాగితమును వారు జేబులో భద్రపఱచుకొన్న తీరు చూడగా వంట హోటలునుండి వచ్చునని మాకప్పుడే బోధపడినది.

మహబూబ్‌నగరము దాటి, చీకటిలో కృష్ణమ్మ వంతెన దాటి, రాయచూరు త్రోవ పట్టితిమి. బస్సులో జట్టు అభిమానులు మఱి పండ్రెండుగురు వఱకు నుండిరి. కుఱ్ఱవాండ్రు. నలుగురు ఆడువారము పసుపుపచ్చని చొక్కాలు తొడుగుకొని యెక్కుట చూచి మొదట బిత్తరపోయిరి. మా చెల్లెలు సకినాల డబ్బా తెఱచిన పిమ్మట "అత్తా, అత్తా" యని చుట్టుకొనిరి. వారికి మా చెల్లెలు ఆటలోని ఆఫ్‌సైడు నియమమును తప్పులేకుండ చెప్పినప్పుడు మాకు గర్వముగా నుండెను.

ఒక సంగతి వ్రాయక విడువరాదు. అర్ధరాత్రివేళ బస్సు భోజనమునకై యొక హోటలుకడ నిలిచినది. మగవారికి చీకటియే చాలును. ఆడువారికొఱకున్న మరుగుదొడ్డికి గడియ లేదు, దీపము లేదు, నీరు లేదు. ఒకరి వెనుక నొకరము తలుపు పట్టుకొని, ఫోను దీపము చూపుకొని కానిచ్చితిమి. స్త్రీలు ఇల్లు కదలరని, వారికి లోకము చూచు నుత్సాహము లేదని వ్రాయు పెద్దమనుష్యులు ఒక రాత్రి ఆ దారిని పోయి చూడవలెను. మన యుత్సాహము పెక్కుసారులు గడియలేని ఆ తలుపుకడనే యాగిపోవుచున్నది. దారిలో అవసరము పడునని భయపడి మధ్యాహ్నమునుండియే నీరు మానివేయు స్త్రీలు ఎందఱో మాకు తెలియును.

నిద్రపట్టక మేనకోడలు కొన్ని కథలు చెప్పినది. ఇంగ్లండులో మొదటి మహాయుద్ధకాలమున ప్రెస్టను నగరపు కర్మాగారములో పనిచేయు స్త్రీలు డిక్ కెర్ లేడీస్ అను పేర నొక జట్టు కట్టిరి. 1920 డిసెంబరు 26 వ తేదిన లివర్‌పూలులో వారి యాట చూచుటకు 53,000 మంది వచ్చిరి. మఱుసటి డిసెంబరులో అక్కడి ఫుట్‌బాలు సంఘమువారు ఈ యాట స్త్రీలకు తగదని తేల్చి, తమ మైదానములలో వారిని ఆడనీయరాదని శాసించిరి. ఆ శాసనము ఇంచుమించు యాబదేండ్లు నిలిచినది. ఇరానులో స్త్రీలు మగవారి యాట చూచుటకైనను లేకుండ దశాబ్దములు గడచినవి. 2019 అక్టోబరులో టెహరాను మైదానమున కొన్ని వేలమందికి ప్రత్యేకముగా చోటిచ్చిరి. "మనలను ఎవరు నాపలేదు గదా!" అనెను మా చెల్లెలు. "ఆ హోటలువా డాపినాడు" అనెను వదినగారు. చీకటిలో నలుగురము నవ్వుకొంటిమి. నిజామాబాదు జిల్లా పిల్ల గుగులోతు సౌమ్య భారత స్త్రీల జట్టులో ఆడుచున్నదని కూడ ఆ రాత్రియే మొదటిసారి వింటిమి. అదే యేడు కొన్ని నెలలకు ఆ పిల్ల యూరపులోని క్రొయేషియా దేశపు జట్టులో జేరినది.

తెల్లవాఱుసరికి హుబ్బళ్లి దాటి కనుమ దిగుచుంటిమి. ఎఱ్ఱని మన్ను, పచ్చని చెట్లు, మలుపు మలుపునకు చల్లని గాలి. మన మార్చి యెండలు ఎఱిగినవారికి ఆ చలువ యొక బహుమానము. అత్తగారికిచ్చిన మాట చొప్పున కవళే గ్రామమున దిగి శాంతాదుర్గ గుడికి పోయితిమి. పోర్చుగీసువారి కాలమున గుళ్లు కూల్చుచుండగా ఆ దేవిని కెలోశి గ్రామమునుండి ఇక్కడకు తరలించిరట. శివకేశవులు పోరాడుచుండగా నడుమ నిలిచి శాంతింపజేసినందున అమ్మవారికాపేరు. ఇరుపక్షములకు నడుమ నిలుచు దేవత గనుక, మన జట్టే గెలువవలెనని మ్రొక్కుట మర్యాద కాదని వదినగారు శాసించిరి. మేనకోడలు పెదవులు కదలుచునే యుండెను. ఏమి మ్రొక్కినదో మేమడుగలేదు.

మడగాము చేరునప్పటికి మా ధైర్యము సగమైనది. ఊరంతయు పసుపు. వీధులు, హోటళ్లు, రైలుస్టేషను, ఎచ్చట జూచినను పసుపుపచ్చని చొక్కాలే. ఒక్క క్షణము మనవారే యింతమంది వచ్చిరని భ్రమపడితిమి. కాదు. ఎదిరి జట్టు కేరళ బ్లాస్టర్సు. వారిదియు పసుపే. కేరళములో ఫుట్‌బాలు పండుగవంటిది. మంజప్పడ, అనగా పసుపుదండు, అను వారి యభిమానుల సంఘము దేశమంతట ప్రసిద్ధము. ఆనాటి యాటలో పసుపు ధరించు హక్కు మన జట్టునకు వచ్చినది. వారి యాటగాండ్రు నల్లని దుస్తులలో దిగిరి. జనము మాత్రము తమ పసుపును విడువలేదు. కావున మా చొక్కాలు మమ్ములను చాటుటకు మాఱుగా దాచివేసినవి. పరుల గుంపులో వేఱుగా గనబడుదుమని భయపడుచు పోయితిమి. అసలు కనబడకయే పోయితిమి. ఏది ఎక్కువ కష్టమో ఇప్పటికిని చెప్పలేము.

మైదానములో మా ప్రక్కన కేరళమునుండి వచ్చిన యొక ఇల్లాలు, పదునైదేండ్ల కొడుకుతో కూర్చుండెను. మమ్ములను జూచి తమవారమనుకొని మలయాళమున గలగల మాటలాడి, అరటికాయ ఉప్పేరి మా చేతులలో పోసినది. తిన్న పిమ్మట నిజము చెప్పితిమి. "అయ్యో, హైదరాబాదువారా!" అని యామె నోటిమీద చేయివేసికొని, తరువాత పకపక నవ్వి, ఇంకొక గుప్పెడు పోసెను. మేము సకినాలిచ్చితిమి. ఆమెకు హిందీ కొంచెము, మాకు మలయాళము సున్న. మేనకోడలు ఆమెను "చేచ్చీ" యని పిలిచినది. మలయాళమున అక్కకు ఆ మాట. వంటయింటి సంగతులు అడుగుటకు భాష యెక్కువ యక్కఱలేదు. ఆమెయు పొయ్యి భర్తకప్పగించియే వచ్చినది.

మనవారి గుంపు, డెక్కను లీజను అను సంఘమువారు, మైదానమునకు ఆవలి వైపున డోలు వాయించుచుండిరి. వేల గొంతుకల నడుమ ఆ డోలు అప్పుడప్పుడు మాత్రమే వినబడెడిది. వినబడినప్పుడెల్ల మా చెల్లెలు దానితో చప్పట్లు కలిపెను.

మొదటి సగమున గోళ్లు లేవు. వారి వాస్క్వెజు కొట్టిన బంతి గోలుపై నడ్డకఱ్ఱకు దగిలి తిరిగి వచ్చినది. మేము ఊపిరి పీల్చుకొంటిమి. విరామమున ఆ యిల్లాలు తన ఫోనులో నొక వార్త చూపినది. ఆటకు వచ్చుచున్న ఇద్దఱు కేరళ యువకులు, ఆ ఉదయము కాసరగోడు జిల్లాలో, మోటారుసైకిలుపై వచ్చుచు ప్రమాదమున మరణించిరి. ఆమె కొడుకు భుజముమీద చేయి వేసి యుండెను. ఆ చేయి మఱి తీయలేదు. మాకు నోట మాట రాలేదు. ఆటకు పోయి వచ్చెదనని చెప్పి గడప దాటిన బిడ్డలు. వారి తల్లులును "ఎందుకురా అంతదూరము?" అని యడిగియే యుందురు. బదులుగా నవ్వియే పోయియుందురు. మైదానములోని దీపములు, పాటలు, డోళ్లు ఒక్కసారిగా చాల దూరమున నున్నట్లు తోచినవి.

ఆట మఱల మొదలైనది. 68 వ నిమిషమున వారి రాహుల్ దూరమునుండి బంతిని బలముగా తన్నెను. మన గోలుకీపరు కట్టిమని చేతులకు తగిలికూడ అది లోనికి జాఱిపోయినది. మైదానము దద్దరిల్లినది. మా చుట్టును అందఱు లేచి గంతులు వేయుచుండగా మేము నలుగురము కూర్చుండియే యుంటిమి. ఆ కూర్చుండుట జ్ఞాపకముంచుకొనదగినది. నూఱు మంది నిలిచినచోట నలుగురు కూర్చున్నచో నెంత చిన్నవారగుదురో అప్పుడు తెలిసినది. కట్టిమని ముఖము చూడలేకపోయితిమి. ఒక్క పొరపాటు, అదియు అంతమంది యెదుట.

ఇంక రెండు నిమిషములలో తొంబది పూర్తి యగుననగా, 88 వ నిమిషమున, కూర్చుండియున్నవారిలోనుండి మార్పుగా దిగిన సాహిల్ తవోరా యనువాడు, గాలిలో వచ్చుచున్న బంతిని నేలబడనీక తన్నెను. అది గోలు మూలకు పోయినది. మేము లేచితిమో, లేపబడితిమో తెలియదు. డబ్బా క్రిందబడి సకినాలు మెట్లనిండ దొర్లినవి. ఎవరికిని వినబడదని తెలిసియు నోరార అఱచితిమి. ఇంటిలో మేమెన్నడును అఱవలేదు. పిల్లలమీదగూడ అంత గొంతెత్తలేదు. మా కంఠమున అంత శబ్ద మున్నదని మాకే తెలియదు.

అదనపు అరగంటలో ఎవరికిని గోలు రాలేదు. పెనాల్టీలు వచ్చినవి. ఒక్కొక్కడు బంతి ముందు నిలిచి గోలుకీపరును ఓడింపవలెను. నూటయిరువది నిమిషములు పోరాడిన మాట, పరుగెత్తిన కాలు, అన్నియు పనికిరాక ఒక్క తాపున తేలిపోవు పరీక్ష యది. మాకది న్యాయముగా తోచదు. కాని ఆ పరీక్షలోనే కట్టిమని కథ మాఱినది. చేతినుండి బంతి జాఱవిడిచిన వాడే ఆ రాత్రి వారి తాపులలో మూటిని ఆపెను. మన వైపున ఒకటి పైకి పోయినది. విక్టరు, కమారా, నర్జారీ గోళ్లు చేసిరి. 3–1. నర్జారీ బంతి వలకు తగులగానే కప్పు హైదరాబాదుదైనది. ఆ కట్టిమని, సమానము చేసిన తవోరా, ఇద్దఱును గోవావాండ్రే. మన యూరి గౌరవమును కాపాడినది ఆ యూరి బిడ్డలు. "అల్లుండ్రు మంచివారు దొరకినారు" అని వదినగారు కండ్లు తుడుచుకొనిరి.

మా మేనకోడలు ఎగురుచుండగా ప్రక్కకు జూచితిమి. ఆ కుఱ్ఱవాడు ముఖమును మోకాళ్లలో దాచుకొని యుండెను. 2014 లో, 2016 లో, ఇప్పుడు 2022 లో. వారి జట్టు అంతిమ పోటీలో ఓడుట మూడవసారి. తల్లి వాని వీపు నిమురుచు, మాకు చేయి చాచినది. మూడు వ్రేళ్లు చూపి "మూన్ను" అనెను. అది మూడని మా కర్థమైనది. మేము గెలిచితిమి గనుక ఓదార్చుట మాకు తగదని మా చెల్లెలు వెనుకాడెను. వదినగారు ఆలోచింపక ముందుకుబోయి ఆ పిల్లవానికి మంచినీళ్ల సీసా యిచ్చిరి. వాడు త్రాగెను. కప్పు ఎత్తుట చూచుటకు తల్లి వెళ్లిపోదమన్నను వాడు వెళ్లలేదు. నిలిచి చప్పట్లు గొట్టెను. మా బిడ్డలకిట్టి బుద్ధి యుండవలెనని మేము నలుగురమును ఆ రాత్రి బస్సులో అనుకొంటిమి.

సోమవారము మధ్యాహ్నము ఇల్లు చేరితిమి. మామగారు టెలివిజనులో చూచియే యుండిరి. అయినను మొదటినుండి చెప్పించుకొని వినిరి. అత్తగారు అమ్మవారి కుంకుమ నొసట పెట్టుకొని, "ఇంతకును ఎందుకు పోయినట్లు?" అని మఱల నడిగిరి. ఈసారి గొంతులో నెత్తిపొడుపు లేదు; నిజముగనే తెలిసికొనగోరి యడిగిరి. వదినగారు ఏమో చెప్పబోయి మానిరి. "అఱచి వచ్చినామత్తయ్యా" అనెను మా చెల్లెలు. వారు కొంతసేపు ఆలోచించి, "నేనెప్పుడు నఱవలేదు" అనిరి.

తరువాతి సంగతులు సంతోషకరములు కావు. 2023లో జట్టు మఱల రెండవ స్థానమున నిలిచినది. ఆపైన ధనపు టిబ్బందులు వచ్చినవి. విదేశపు ఆటగాండ్రు విడిచిపోయిరి. 2023–24 లో 22 ఆటలలో ఒక్కటి గెలిచి మొదటి యేటివలెనే కడపటి స్థానమునకు దిగినది. మేము మాత్రము గచ్చిబౌలికి పోవుట మానలేదు. ఖాళీ మెట్లమీద నచ్చటచ్చట కూర్చుండినవారము ఒకరినొకరము పేర్లతో పలుకరించుకొనువారము. 2025 లో యజమానులు జట్టును ఢిల్లీకి తరలించి, స్పోర్టింగు క్లబ్బు ఢిల్లీ యని పేరు మార్చిరి. ఇల్లు మాఱిన పిల్లకు పేరుగూడ మార్చుట మన కొన్ని కుటుంబములలో నున్న వాడుకయే. వదినగారు ఆ వార్త విని ఆ మాటయే అనిరి. ఈసారి ఎవరమును నవ్వలేదు.

అన్ని వందల రూపాయలు, రెండు రాత్రుల నిద్ర, మా నడుము నొప్పి, ఇవన్నియు ఇప్పుడు లేని జట్టునకై పోసితిమా యని కొందఱు బంధువు లడుగుచున్నారు. పెండ్లికిచ్చిన చీరె చినిగిన దని పెండ్లి చెల్లదా? అట్లే మాకు తోచుచున్నది. పసుపు చొక్కాలు నాలుగును పెట్టెలో నున్నవి. మేనకోడలు తనది అప్పుడప్పుడు ఆదివారము తొడిగి వీథిలోని పిల్లలతో బంతి యాడుచున్నది. ఆ పిల్లలలో ఇప్పుడు ఆడపిల్లలు ముగ్గురు.

చేచ్చి మమ్ములను మఱవలేదు. ఓణమునకు, సంక్రాంతికి ఫోనులో శుభాకాంక్షలు పంపుకొనుచున్నాము. మా జట్టు పోయినదని తెలిసినప్పుడు ఆమె చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, మీకు జట్టు లేకున్న నేమి, కొచ్చికి రండు, మా ప్రక్కనే కూర్చుండుడు, ఉప్పేరి చేసియుంచెదను అని పిలిచినది. ఆ పసుపు చొక్కాలే తొడుగుకొని రావచ్చునట. ఎవరికిని తేడా తెలియదట. మేనకోడలు రైలు వేళలు చూచుచున్నది. అత్తగారు పక్కన కూర్చుండి, కొచ్చికి ఎన్ని గంటల ప్రయాణమని అడుగుచున్నారు.